కింద పెట్టిన కాఫీ

"ఆ ఒంటె గెలిచిందంటే మన కొంప మునిగినట్టేనే, రయ్యా."

జువైనా ఆ మాట అనేసరికి ఇంకా సరిగా తెల్లవారలేదు. గుమ్మం ముందు రాత్రి పేరుకున్న ఇసుకని చీపురుతో నెడుతోంది. నెట్టిన ఇసుక నెట్టినట్టే వెనక్కి వస్తోంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఆ ఇసుకని నెడుతూనే ఉంది.

రయ్యా పెనం మీద పల్చటి రొట్టె పరుస్తూ తలైనా ఎత్తలేదు. "నిన్న సాయంత్రం ఓడిపోతే కొంప మునుగుతుందన్నావు కదమ్మా."

"అదీ నిజమే."

"మరి పాపం ఆ ఒంటె ఏం చెయ్యాలి? సగం దారిలో కూలబడి నెమరు వేసుకోవాలా?"

"వేసుకున్నా బాగుండును," అంది జువైనా, మనస్ఫూర్తిగా.

ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. ఆ ఒంటె సమ్హా పందెంలో ఓడితే, దాని యజమాని ఖల్ఫాన్ ఎప్పటిలాగే ఒక ఒంటె, ఒక తుప్పు పట్టిన పికప్ ఉన్న కుర్రాడిగా మిగిలిపోతాడు. అలాంటివాడికి రయ్యానివ్వటానికి హమూద్ ఒప్పుకోడు. హమూద్ జువైనాకి మరిది. తండ్రి లేని పిల్ల పెళ్ళికి ఊ అనాల్సిన పెద్దదిక్కు ఆయనే. తల్లీకూతుళ్ళు ఉంటున్న ఇల్లు కూడా ఆయనదే. అలాగని సమ్హా గెలిచిందా, సరిహద్దు అవతలి షేకు ఎవరో డబ్బు కుమ్మరించి దాన్ని కొనుక్కుపోతాడు. ఖల్ఫాన్ తెల్లారేసరికి గొప్పవాడైపోతాడు. గొప్పవాడి కంటికి మస్కట్‌లో చదువుకున్న పిల్లలు, పాలరాతి మేడలున్న మామలు ఆనుతారు గానీ, మేకల పాలు పితికే రయ్యా ఏం ఆనుతుంది?

అసలు వాళ్ళిద్దరి సంగతి మొదలైందే పాల దగ్గర. సమ్హా పుట్టిన కొద్దిరోజులకే దాని తల్లి చచ్చిపోయింది. ఖల్ఫాన్ చెంబు పట్టుకుని మేకపాల కోసం వీళ్ళింటికి వచ్చాడు. పాలు తీసుకుపోయినవాడు మర్నాడు మళ్ళీ వచ్చి, "పిల్ల మూతి పెట్టడం లేదు. నీళ్ళేమైనా కలిపారా?" అని అడిగాడు.

"నీళ్ళా?" అంటూ రయ్యా చెంబెడు పాలూ అతని నెత్తిన కుమ్మరించింది. "ఇప్పుడు చూసుకో. నీళ్ళైతే జారిపోతాయి. పాలైతే జిడ్డుగా అంటుకుంటాయి."

ఆ తర్వాత తనే వెళ్ళి, వేళ్ళు పాలలో ముంచి నోట్లో పెట్టి, ఒంటె పిల్లకి తాగటం నేర్పింది. దడి దగ్గర నిలబడి "రా తల్లీ రా, పాలొచ్చాయి" అని పిలిస్తే చాలు, ఆ బక్కపిల్ల కాళ్ళకి కాళ్ళు అడ్డం పడుతున్నా ఆగకుండా పరిగెత్తుకొచ్చేది.

వేరే ఊళ్ళలో వాన పడుతుందట, ఒక్క గొడుగు కింద ఇద్దరు నడుస్తారట. ఈ ఊళ్ళో ప్రేమించుకోవటానికి వాన కోసం చూస్తే ముసలివాళ్ళైపోతారు. అందుకని ఖల్ఫాన్, రయ్యా ఒంటెకి పాలు పడుతూ పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట ఏ రోజున మరొకటిగా మారిందో వాళ్ళకి తెలుసో లేదో గానీ, వంటింటి కిటికీలోంచి చూసే జువైనాకి తెలుసు. ఆ రోజు నుంచే ఆవిడకి సరైన నిద్ర లేదు.

పందెం పొరుగింటి మోజా వాళ్ళ టీవీలో చూశారు. చూడటమంటే రయ్యా చూసింది. జువైనా గోడవైపు తిరిగి కూచుంది.

"అక్కా, ఇటు తిరుగు! సమ్హా ముందు గుంపులోకొచ్చింది!" మోజా ఆవిడ భుజం పట్టుకుని ఊపేస్తోంది.

"నువ్వు చెబుతున్నావుగా, చాల్లే."

ఒంటెల వీపుల మీద కట్టిన చిన్న యంత్రాలు కొరడాలు ఊపుతున్నాయి. పక్క దారిలో కార్లు దుమ్ము రేపుకుంటూ వస్తున్నాయి. కార్లలోని యజమానులు రేడియోల్లో అరుస్తుంటే ఆ అరుపులు ఒంటెల చెవుల దగ్గరి స్పీకర్లలో మోగుతున్నాయి. ఆఖరి మలుపు దగ్గర సమ్హా ఉన్నట్టుండి చెవులు నిక్కించింది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, మిగతావాటన్నిటినీ అక్కడే వదిలేసి ముందుకొచ్చేసింది.

మోజా నాలుక ఆడిస్తూ వేసిన కేకకి పావురాలు లేచిపోయాయి. రయ్యా చప్పుడు చెయ్యకుండా లేచి బయటికి వెళ్ళి, మేకల దగ్గర నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"అయిపోయింది," అంది జువైనా గోడతో. "మునిగింది."

ఒంటెకి పలికిన ధర ఖల్ఫాన్ కంటే ముందే ఊరు చేరింది. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి మారినప్పుడల్లా పెరిగింది. ఖల్ఫాన్ మాత్రం అమ్మకం ముగించుకుని ఒక సాయంత్రం అదే తుప్పు పికప్‌లో వచ్చి దడి అవతల ఆగాడు. పికప్ వెనక ఖాళీ.

జువైనా కిటికీ కింద చేరి బట్టలు మడత పెట్టటం మొదలుపెట్టింది. మడత పెట్టినవే మళ్ళీ.

"ఏడ్చావా?" రయ్యా గొంతు.

"ఇసుక పడింది."

"రెండు కళ్ళలోనూనా?"

ఖల్ఫాన్ అన్నాడు. "లారీ ఎక్కిస్తుంటే వెనక్కి తిరిగి చూసింది రయ్యా. డబ్బు సంచీ చేతిలో ఉంది, దొంగలా అనిపించింది నాకు." మళ్ళీ ఆగి, "నీకొకటి చెప్పాలి. తిట్టకూడదు."

"తిట్టేదైతే తిడతాను."

"నువ్వు దాన్ని పాలకి పిలుస్తుంటే ఒకసారి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాను. ఆఖరి మలుపు దగ్గర అందరూ అరుస్తుంటే నేను అరవలేదు. అది వినిపించాను."

"నా గొంతా!"

"రా తల్లీ రా, పాలొచ్చాయి. అంతే. అది పందెమేమీ పరిగెత్తలేదు, నీ దగ్గరికి పాలకొచ్చింది. షేకుకి తెలీదు పాపం."

"ఊరందరి ముందూ నా గొంతు..."

"ఒంటె చెవికి తప్ప ఎవరికీ వినపడలేదు, ఒట్టు."

"అడక్కుండా తీసుకుంటే దాన్నేమంటారో తెలుసా?"

"దొంగతనం. అందుకే గెలుపులో సగం నీదంటున్నాను."

"నా సగం నేనడిగినప్పుడిద్దువుగాని," అంది రయ్యా. ఆ గొంతులో నవ్వు ఉంది. జువైనాకి ఆ నవ్వంటేనే భయం.

"రేపు హమూద్ బాబాయ్ ఇంటికెళ్ళి కప్పు కింద పెడతాను. ఇప్పుడు కాదనలేడు."

అవసరం పడి ఒకరింటికి వెళ్ళినవాడు, ఇచ్చిన కాఫీ తాగకుండా కప్పు ముందు పెట్టుకుని కూచుంటాడు. 'నువ్వు వచ్చిన పని అయినట్టే, తాగు' అని ఇంటాయన అంటేనే ముట్టుకుంటాడు. అలా అనని ఇంటికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు. కప్పు అలా చల్లారిపోవటం కంటే పెద్ద అవమానం ఆ ఇసుకలో లేదు.

జువైనా మడత పెట్టిన బట్టలు వదిలేసి బయటికి పరిగెత్తింది. "వద్దు నాయనా! రేపే వద్దు!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఖల్ఫాన్ రయ్యా ముసుగు అంచు వదిలేశాడు. గెలిచిన ఒంటె తలకి రాసిన కుంకుమపువ్వు అతని వేళ్ళ మీద ఇంకా పసుపుపచ్చగా ఉంది. ఇప్పుడు ఆ పచ్చదనం నల్ల ముసుగు అంచుకీ అంటింది.

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకేమిటి? డబ్బు రాగానే పిల్లని అంటగట్టారంటారు. నీ మీద ఇప్పుడు ఊరి కళ్ళన్నీ ఉన్నాయి. ఆ దిష్టి మా పిల్లకి తగిలితే? ఈ గాలి కాస్త తగ్గనీ బాబూ."

"ఎన్నాళ్ళమ్మా?" అంది రయ్యా.

"కొన్నాళ్ళేనే. కొంప మునగదులే."

కొంప మునగదని జువైనా తన జీవితంలో అన్నది ఆ ఒక్కసారే.

మర్నాడు ఆవిడ ఆ ముసుగు అంచు సబ్బు పెట్టి రుద్దింది, నిమ్మకాయ పెట్టి రుద్దింది. మరక పోలేదు.

ఖల్ఫాన్ ఇంటికి మొదట వచ్చింది మోజా మొగుడు సైఫ్. ఆయనకి నిజంగానే అవసరం. కంటికి పొర కమ్మింది, ఆపరేషన్ కావాలి. కాఫీ కప్పు చాప మీద పెట్టి తల దించుకున్నాడు. ఆయన నోరు విప్పకముందే ఖల్ఫాన్ అన్నాడు: "వచ్చిన పని అయినట్టే బాబాయ్, తాగు." తర్వాతే అడిగాడు, పని ఏమిటని.

ఆ మాట ఊరంతా పాకింది. ఇక ఆ ఇంటికి వెళ్ళే దారిలో ఇసుక అడుగులకి గట్టిపడిపోయింది. ఒకరి పడవకి ఇంజను. ఒకరి కొడుక్కి పెళ్ళి. ఒకావిడ ఇంటికి నీళ్ళ ట్యాంకు. అక్కడిదాకా అవసరాలే. తర్వాత కోరికలు మొదలయ్యాయి. టీవీ చిన్నదైపోయిందని ఒకడు. బావమరిదికి కారుంది తనకి లేదని ఒకడు. మేకల పాకకి ఏసీ కావాలని ఇంకొకడు కప్పు కింద పెట్టాడు, ఎండాకాలంలో వాటికి పాలు తగ్గుతున్నాయట. అందరికీ ఒకటే జవాబు. వచ్చిన పని అయినట్టే, తాగండి.

"పక్కూళ్ళవాళ్ళూ వస్తున్నారటక్కా," మోజా రోజూ వచ్చి చెప్పేది. "కాఫీ తాగటం మరిచిపోయారు జనం. కప్పు అందుకోగానే కింద పెట్టడమే."

"నువ్వు చూస్తూ ఉండు, ఆ పిల్లవాడి చొక్కా కూడా మిగల్చరు," అనేది జువైనా. ఖల్ఫాన్‌కి డబ్బుండటం ఆవిడకి భయం, పోవటం కూడా భయమే.

దడి దగ్గరికి వచ్చే ఖల్ఫాన్ కళ్ళు లోతుకి పోయాయి.

"మణికట్టు నొప్పెడుతోంది రయ్యా."

"ఇచ్చీ ఇచ్చీనా?"

"కాఫీ పోసీ పోసీ."

"ఒక్కసారి ముందు విని, తర్వాత సరే అనొచ్చుగా?"

"విన్నాక ఇస్తే అది బేరమవుతుంది. మా నాన్న ఇంట్లో ఏమీ లేని రోజుల్లో కూడా ముందే అనేవాడు. అయినా, అడగబోయే మనిషి మొహం చూశావా ఎప్పుడైనా? కప్పు కింద పెట్టి నేల చూపులు చూస్తాడు. ఆ మొహాన్ని ఎక్కువసేపు చూడలేను నేను. గబుక్కున అయిందనేస్తే అది తేటపడుతుంది."

"మేకలకి ఏసీ అడిగినవాడి మొహం కూడానా?"

"వాడి మొహం మొదటినుంచీ తేటగానే ఉంది," అన్నాడు ఖల్ఫాన్. ఇద్దరూ నవ్వారు. అలసిపోయినవాళ్ళు నవ్వే నవ్వు. "పిన్ని చెప్పిన గాలి ఎప్పుడు తగ్గుతుంది రయ్యా?"

కిటికీ కింద జువైనా మడత పెట్టిన బట్టలు మళ్ళీ విప్పింది. ఇంకో వారం, అనుకుంది. ఇంకో వారం చూద్దాం.

ఆ వారంలోనే హమూద్ వెళ్ళాడు.

ఊళ్ళో కాఫీ విషయంలో హమూద్‌ని మించిన పొదుపరి లేడు. అతిథులొస్తే ఏలకులు తనే ఏరి వేస్తాడు, తనే పోస్తాడు. వేరేవాళ్ళు పోస్తే కప్పు నిండిపోతుందని బెంగ. అలాంటివాడు ఒకరింటికి వెళ్ళి నిండు కప్పు తాగకుండా కింద పెట్టాడంటే చిన్న కోరిక కాదని ఖల్ఫాన్‌కి తట్టాల్సింది. తట్టలేదు. రయ్యా బాబాయ్ తనంత తానే గుమ్మం ఎక్కాడని పొంగిపోయాడు. "వచ్చిన పని అయినట్టే బాబాయ్! తాగు!" అన్నాడు, అందరికంటే గట్టిగా, పదిమంది వింటుండగా.

హమూద్ కాఫీ చుక్క మిగల్చకుండా తాగి, ఇక చాలన్నట్టు కప్పు ఊపి పక్కన పెట్టి, "మా అమ్మాయి షంసాని నీకిస్తున్నాను," అన్నాడు.

మోజా ఈ కబురు మోసుకొచ్చేసరికి జువైనా పిండి జల్లిస్తోంది. విని అక్కడే బస్తా మీద కూలబడిపోయింది. ఒంటె కాలు విరుగుతుందని భయపడింది. డబ్బు దొంగలెత్తుకుపోతారని, ఖల్ఫాన్ మస్కట్ పిల్లని చేసుకుంటాడని, ఊరు ఆడిపోసుకుంటుందని భయపడింది. సొంత మరిది సొంత కూతురిని తెచ్చి మధ్యలో కూచోబెడతాడని మాత్రం అనుకోలేదు. ఇన్నేళ్ళు పడిన భయమంతా దండగ.

"కాదంటే పోలా?" అంది మోజా, నమ్మకం లేకుండానే.

"పదిమందిలో ఇచ్చిన మాట మోజా. తప్పితే ఇక వాడింట్లో ఎవరైనా కాఫీ ముడతారా?"

రయ్యా జల్లెడ అందుకుని మిగిలిన పిండి జల్లించేసింది.

సాయంత్రం పికప్ ఆగింది. రయ్యా దడి తలుపు తియ్యలేదు.

"నాకు తెలీదు రయ్యా. నీ గురించే వచ్చాడనుకున్నాను."

"నాకు తెలుసు నీకు తెలీదని."

"ఏం చెయ్యమంటావు చెప్పు. వెళ్ళి కుదరదనేస్తాను."

"అనకు."

"రయ్యా..."

"మాట తప్పేవాడు నాకొద్దు. మాట తప్పనివాడు నాకు దక్కడు. నేనేం చెప్పను నీకు? వెళ్ళి పడుకో. మొహం చూడు ఎలా అయిపోయిందో."

"నీ సగం ఇంకా అడగలేదు నువ్వు."

"ఆ ఫోన్‌లో నా గొంతు చెరిపెయ్. అదే నా సగం."

"అదొక్కటీ అడక్కు," అన్నాడు ఖల్ఫాన్. పికప్ స్టార్ట్ అవటానికి ఎప్పటికంటే ఎక్కువసేపు మొరాయించింది.

ఆ పూట రయ్యా అన్నం తినలేదు. తినమని జువైనా అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? కొన్నాళ్ళు ఆగమన్నది తనే.

మర్నాడు మస్కట్ నుంచి ఫోన్. షంసా. నర్సింగ్ చదువుతోంది.

"పెద్దమ్మా, నేను వింటున్నది నిజమేనా? నన్ను ఆ ఒంటెల మనిషికిస్తున్నారా? ఒంటె పోయినా వాసన పోలేదటగా?"

"అలా అనకే. బంగారంలాంటి పిల్లాడు."

"బంగారమైతే మీ రయ్యా మెళ్ళో వెయ్యండి. వాళ్ళ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు, పాలు పోసిన చెంబు నేనే ఏరుకొచ్చాను. ఇంకా నా చదువు కాలేదు పెద్దమ్మా. నాన్న ముందు నేను నోరెత్తలేను. నువ్వెత్తు."

"నేనా?" అంది జువైనా. "మీ నాన్న ఇంట్లో ఉంటూ, ఆయన పెట్టింది తింటూ..."

"మరెవరెత్తుతారు? ఖల్ఫాన్ మాట ఇచ్చేశాడు. రయ్యా చచ్చినా అడగదు. ఇక మిగిలింది నువ్వే."

ఫోన్ పెట్టేశాక జువైనా చీపురు తీసుకుంది. గుమ్మం ముందు ఇసుక నెట్టింది. అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ నెట్టింది. ఈసారి అది వస్తుంటే చూస్తూ నిలబడింది. రానీ, అనుకుంది. నెట్టినన్నాళ్ళూ మాత్రం రాకుండా ఉందా?

శుక్రవారం నమాజు తర్వాత పెళ్ళి కబురు పదిమందికీ చెప్పటానికి హమూద్ ఊరి పెద్దల్ని కాఫీకి పిలిచాడు. జువైనా పెట్టె అడుగు నుంచి ఒళ్ళంతా కప్పే మంచి నల్ల అబాయా తీసింది. ముక్కు మీద నిటారుగా బద్ద నిలిచే ముసుగు కట్టుకుంది. మొహంలో వణుకు బయటికి కనపడకుండా అదొకటి నయం.

"ఎక్కడికమ్మా?"

"కాఫీ తాగటానికి."

"మనింట్లో లేదా?"

"మనింట్లో కాఫీ మనం ఎంత తాగితే మాత్రం ఏం లాభమే?"

రయ్యా తల్లి చేతుల వంక చూసింది. ఏదో అర్థమైంది. కొక్కేనికి తగిలించి ఉన్న ముసుగు తీసి తల మీద వేసుకుని, వెనకే నడిచింది. దాని అంచున పసుపు మరక ఎండలో మెరిసింది. నాలుగు ఇళ్ళ దూరం. జువైనా దారిలో మూడుసార్లు వెనక్కి వెళ్ళిపోదామనుకుంది.

అతిథులు కూచునే మజ్లిస్ గదిలో గోడల వెంట మగవాళ్ళు వరసగా కూచుని ఉన్నారు. పైన ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. హమూద్ కాఫీ కూజా పట్టుకుని తనే పోస్తున్నాడు. ఈ రోజు ఏలకులే కాదు, కుంకుమపువ్వు కూడా వేశానని ప్రతి కప్పుకీ చెబుతున్నాడు. ఖల్ఫాన్ ఒక మూల ఉన్నాడు. అతని చేతిలో కప్పు ఉంది. తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు. పెడితే ఇచ్చిన మాట వెనక్కి అడిగినట్టే, మాట తప్పినట్టే.

జువైనా వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, తలుపు దగ్గరి చాప చివర కూచుంది. రయ్యా తలుపు వెనక ఆగిపోయింది.

"వదినా?" హమూద్ కూజా దించాడు. "లోపలికెళ్ళు, ఆడవాళ్ళంతా అక్కడున్నారు."

"నేను వదినగా రాలేదు హమూద్. పెరటి దారిన రాలేదు, చూశావుగా. వీధి గుమ్మంలోంచి వచ్చాను. అతిథిని."

అందరూ చూస్తున్నారు. హమూద్‌కి పొయ్యక తప్పలేదు. జువైనా కుడిచేత్తో కప్పు అందుకుంది. వెచ్చగా ఉంది. వాసన బాగుంది. ఒక్క గుక్క తాగి లేచి వెళ్ళిపోతే ఎంత హాయి, అనుకుంది.

కప్పు చాప మీద పెట్టింది.

గదిలో మాటలన్నీ ఒక్కసారి తెగిపోయాయి.

"ఏం వదినా, బాలేదా?"

"బాగుంది. నువ్వనాల్సింది అంటే తాగుతాను."

హమూద్ నవ్వబోయాడు. "ముందు నీకేం కావాలో చెప్పు మరి."

"మన ఖల్ఫాన్ ఎవర్నీ అలా ముందు అడగలేదు హమూద్," అన్నాడు సైఫ్, కొత్తగా బాగుపడిన కన్ను ఇంత చేసి చూస్తూ. వరసలో ఇద్దరు ముగ్గురు దగ్గారు.

"పరవాలేదు, చెబుతాను," అంది జువైనా. గొంతు ముసుగు వెనక ఎవరిదో అన్నట్టుంది. "ఖల్ఫాన్ నీకిచ్చిన మాట ఖల్ఫాన్‌కి తిరిగిచ్చెయ్."

"మాటేమైనా చెంబా, తిరిగివ్వటానికి? ఇచ్చాడు, అయిపోయింది. వెనక్కి తీసుకుంటే మగాడేనా?"

"తీసుకోడు. తీసుకోకూడదు. అతను తీసుకోలేనిది నువ్వివ్వగలవు. అందుకే నీ దగ్గరికొచ్చాను."

ఖల్ఫాన్ తల ఎత్తాడు. ఆవిడ అతనివంక చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు.

"మొదటిరోజే ఆ పిల్లవాడు నీ ఇంటికొచ్చి కప్పు పెడతానన్నాడు. నేనే ఆపాను. ఊరేమంటుందో అని. నా భయమే నా పిల్ల పీకల మీదికొచ్చింది. ఆ ఒంటె ఎవరి గొంతు విని పరిగెత్తిందో ఇక్కడెవరికీ తెలీదు. నాకు తెలుసు, అతనికి తెలుసు. ఇల్లు నీది హమూద్. రేపు పొమ్మంటే పోతాం, ఎక్కడికో నాకు తెలీదు. ధైర్యం వచ్చిందనుకోకు. ఇప్పుడు కూడా లేవమంటే కాళ్ళు లేవవు. కానీ ఈ కప్పు మాత్రం ఎత్తను."

హమూద్ మొహం నల్లబడింది.

ఫ్యాను తిరుగుతోంది. బయట ఎక్కడో మేక అరిచింది. అంతలో టక్కుమని ఒక చప్పుడు. సైఫ్ తన కప్పు చాప మీద పెట్టాడు. చేతులు కట్టుకుని పైకప్పు చూడసాగాడు. కాసేపటికి పడవ ఇంజను తీసుకున్నతను పెట్టాడు. నీళ్ళ ట్యాంకు వాళ్ళ పెద్దాయన పెట్టాడు. మేకలకి ఏసీ పెట్టించుకున్నవాడు అటూ ఇటూ చూసి, కప్పులోకి ఆశగా చూసి, ఒక నిట్టూర్పు విడిచి తనూ పెట్టాడు.

ఖల్ఫాన్ చేతిలోది తప్ప గోడ వెంట కప్పులన్నీ నేల మీదే ఉన్నాయి. ఒక్కదానిలోంచీ ఎవరూ గుక్క తాగటం లేదు. ఆవిరి సన్నబడుతోంది. హమూద్ ఒక్కొక్క కప్పునీ చూశాడు. తన ఏలకులు, తన కుంకుమపువ్వు. తన చాప మీద, తన ఇంట్లో, ఊరంతా చూస్తుండగా చల్లారిపోతున్నాయి. ఖల్ఫాన్ వంక చూశాడు, అతని దగ్గర ఇంకా మిగిలిన డబ్బు అక్కడ కూచున్నట్టు. తలుపు వైపు చూశాడు. తలుపు సందులోంచి నల్ల ముసుగు అంచు కనిపిస్తోంది, దాని మీద పచ్చటి మరక. పందెం గెలిచిన ఒంటె తలకి తప్ప ఆ ఊళ్ళో ఎవరూ అంత చిక్కగా రాయని పచ్చదనం అది.

కూజా ఆయన చేతిలో బరువెక్కింది. దాన్ని కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. జువైనా తన మోకాళ్ళ మీది చేతుల్ని చూసుకుంటోంది. అవి ఎక్కడికీ పారిపోలేదు. రేపు ఏమవుతుందోనని ఆలోచించబోయింది. విచిత్రంగా, ఏమీ తట్టలేదు. బాగా అలసిపోయింది.

కిటికీ దగ్గరి నీడ గోడ మీద జానెడు జరిగింది.

హమూద్ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు వచ్చిన పని అయినట్టే వదినా," అన్నాడు. "తాగు. మీరూ తాగండయ్యా అందరూ. మళ్ళీ కాచాలంటే నా దగ్గర ఏలకుల్లేవు."